బొట్టు పెట్టిన వాల్వులు

నేను మొదటి నుంచీ పిరికిదాన్ని. ఇప్పుడు ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, అప్పట్లో ఉండేది. కరెంటంటే భయం, అత్తమ్మ దగ్గితే భయం, బోధన్ బస్సు మా సందు మలుపులో హారన్ కొడితే భయం. అలాంటిదాన్ని తీసుకొచ్చి రేడియోలు బాగుచేసే మనిషికి కట్టబెట్టారు. నిజామాబాద్‌లో మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. గది మధ్యలో ఒక తెర. తెరకు అటు ఆయన, మూతలు విప్పిన సెట్లు, లోపల ఎర్రగా కునుకుతున్నట్టు వెలిగే గాజు వాల్వులు. ఇటు బీడీలు చుడుతూ నేను, ఒళ్ళో చాట, తునికాకు, తంబాకు, దారపు ఉండ. పొద్దంతా ఆయన టంకం పొగ నాకు, నా తంబాకు ఘాటు ఆయనకు.

బోధన్ వైపు నుంచి వచ్చే రేడియోలను దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. వెనక అట్ట విప్పగానే చీమలు బయటికి నడిచొచ్చేవి. చెరుకు ఊళ్ళలో తీపి అంటని వస్తువు ఉండదు కదా. ఆయన ముందు చీపురుపుల్లతో చీమల్ని దులిపి, ఆ తర్వాతే పనిలోకి దిగేవాడు. సెట్టుకు కరెంటు పెట్టాక మాత్రం ఎడమచేయి వీపు వెనక్కి పోయేది. లోపల ఉన్న కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి పోతే మధ్యలో గుండె ఉంటుందట, అందుకని ఒక చేయి ఎప్పుడూ వెనకే ఉండాలని ఆయన ఉస్తాద్ నేర్పాడట. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన కుడిచేయి సెట్టులోకి పోయినప్పుడల్లా నేను తెర వెనక ఊపిరి బిగబట్టేదాన్ని.

ఇన్ని భయాలూ ఒక ఎత్తు. ఆయన చెవుల భయం ఒక్కటీ ఒక ఎత్తు.

పెళ్ళయిన ఐదో ఏట ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. ఇరవై రోజులకు పైగా మంచం దిగలేదు. చివరికి జ్వరం పోయింది గానీ పోతూ పోతూ చెవుల్లోంచి ఏదో పట్టుకుపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాట అందేది. వెనక నుంచి పిలిస్తే అందేది కాదు. డప్పు మోత వినిపించేది, నా గాజుల చప్పుడు వినిపించేది కాదు. సన్నటి శబ్దాలు, అంటే రేడియో మెకానిక్‌కు అన్నం పెట్టే శబ్దాలు, ఒక్కటీ మిగల్లేదు.

ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. అత్తమ్మకు కూడా చెప్పలేదు. వెనక నుంచి ఎంత పిలిచినా కొడుకు పలకడం లేదంటే, కోడలు బాగానే నేర్పిందని ఆమె అర్థం చేసుకుంది. మూతి ముడుచుకుని మాక్లూర్‌లో చిన్నకొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ నింద నేను మోశాను. చెవిటివాడి దగ్గర రేడియో బాగుచేయించుకునే వెర్రివాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు? మాట బయటపడిన రోజు దుకాణం మూతపడుతుంది. ఆయనకు వచ్చిన పని అదొక్కటే. పని పోతే ఆ మనిషి ఏమైపోతాడో అన్నదే నా భయం. కడుపు నింపడానికి నా బీడీలున్నాయి, నేను దాని గురించి భయపడలేదు.

ఒకసారి మాక్లూర్ మనిషి ఒకతను, బాగైందని మేమిచ్చిన సెట్టును మర్నాడే తిరిగి తెచ్చాడు. లోపల పాము బుసకొట్టినట్టుంది, నీకు ఇనబడ్తలేదా అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. తెర వెనక నా వేళ్ళ మధ్య బీడీ నలిగిపోయింది. ఆ సాయంత్రం అన్నం పెడుతూ, ఆయన కళ్ళు నా పెదవుల మీద ఉన్నప్పుడు చెప్పాను.

"రేపటి సంది సప్పుడు నేను ఇంట. నువ్వు నా కాళ్ళు సూడు."

ఆయన చేయి కడుక్కుని వచ్చి, తెరను కింద ఒక జానెడు ఎత్తు లేపి కట్టాడు.

అప్పటి నుంచి మా వ్యాపారం నా కాళ్ళ మీద నడిచింది. ఆయన బల్ల వెనక తెరవైపు తిరిగి కూర్చునేవాడు. వచ్చినవాళ్ళ కుర్చీ బల్లకు ఇవతల, తెరకు వీపు పెట్టి ఉండేది. శబ్దం శుభ్రంగా ఉంటే నేను కుడికాలి వేళ్ళు తెర కిందికి జరపాలి. ఏదైనా సొద ఉంటే ఎడమకాలివి. రెండూ లోపలే ఉంటే ఇంకా తేలలేదని. ఆయనకు బాగా కనబడాలని మెట్టెల్ని చింతపండు పెట్టి తోముకునేదాన్ని. పక్కింటి అక్కలు నా షోకు చూసి ముసిముసిగా నవ్వుకునేవారు.

ఇక సాబ్ సంగతి. బోధన్ దగ్గర చెరుకు తోటలున్న పెద్దమనిషి. తాతల కాలం నుంచి అక్కడివారే. అందరూ సాబ్ అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. ఆ సాబ్‌కున్న ఒకే ఒక్క పిచ్చి పాట. వాళ్ళ తమ్ముడు విలాయతు నుంచి ఒక సెట్టు పంపించాడు. రికార్డు తిప్పేది ఒకటి, పెద్ద యాంప్లిఫయర్ ఒకటి, ఆ రెంటికీ మధ్యలో ప్రీయాంప్లిఫయర్ అనే చిన్న పెట్టె ఒకటి. రికార్డు గీతల్లోంచి ముల్లు తీసే శబ్దం చీమంత ఉంటుంది. పెద్దది అందుకునేంతగా దాన్ని పెంచి ఇచ్చేది ఈ చిన్న పెట్టె. అందులో మొదటి వాల్వు మీదే అంతా ఆధారం. అక్కడ చీమ తుమ్మితే చివర్న ఏనుగు తుమ్మినట్టు వినబడుతుందని మా ఆయన నాకు చెప్పాడు.

ఆ మొదటి చోటుకు సరిపోయే వాల్వులు మా దగ్గర నాలుగు ఉండేవి. సెట్టుతో పాటు విలాయతు నుంచి వచ్చిన పాతవి రెండు. అప్పుడప్పుడే మన దేశంలోనూ అవే తయారవడం మొదలైతే ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చిన కొత్తవి రెండు. బొటనవేలంత గాజు, కింద తొమ్మిది సన్నటి కాళ్ళు, నెత్తి మీద వెండి పూసినట్టు ఒక మరక. పాతదానికీ కొత్తదానికీ లోపలి రేకులు కూడా ఒకటే తీరు. తేడా అంతా గాజు మీది అక్షరాల్లోనే. పాతవాటి మీద పసుపు రంగువి, కొత్తవాటి మీద తెల్లవి.

ఆయన పాతవాటి పక్షం. పాత చేతుల పనితనం వేరని, కొత్తవాళ్ళకు తొందరెక్కువని, నిదానం లేని చేతిలో గాజు నిలవదని పెద్ద ఉపన్యాసమే ఇచ్చేవాడు. నాకు అసలు కారణం తెలుసు. జ్వరం రాకముందు, చెవులు చెవుల్లా ఉన్నప్పుడు, ఆయన విన్న శబ్దమంతా అలాంటి విలాయతు వాల్వుల్లోంచి వచ్చిందే. అవి పాడైపోయాయంటే ఆ రోజులూ పోయాయని ఒప్పుకున్నట్టే.

అందుకే నేను అబద్ధమాడాను.

సాబ్ సెట్టు మొదటిసారి వచ్చినప్పుడు పాత వాల్వు పెట్టి ఆయన నా వైపు చూశాడు. అందులో సొద ఉంది. పెద్దదేం కాదు, దూరంగా రేకుల మీద జల్లు పడుతున్నట్టు. కానీ ఆయన ముఖంలో, బాగుందను, బాగుందను అని రాసిపెట్టి ఉంది. నా ఎడమకాలు కదల్లేదు. కుడికాలు జరిపాను. ఆయన మురిసిపోయాడు. సాబ్ తీసుకెళ్ళి, ఇరవై రోజుల తర్వాత తిరిగి తెచ్చాడు. మా ఆయన ఇతర భాగాలన్నీ మార్చి, రెండో పాత వాల్వు పెట్టాడు. దానిలోనూ జల్లే. మళ్ళీ కుడికాలే జరిపాను. కొత్తవి పెట్టి చూసిన రోజు అవి ఎలా ఉన్నాయో నేను సరిగ్గా వినను కూడా లేదు. తెల్ల అక్షరాలు కనబడగానే ఎడమకాలు దానంతటదే ముందుకు పోయింది.

మూడోసారి సాబ్ పెట్టెను బల్ల మీద పెట్టి, కోపం లేకుండానే చెప్పాడు.

"పాడేటామె శ్వాస తీస్కునే కాడ వాన పడ్తుంది. పండుగెల్లంగనే వస్త. గిప్పుడు గూడ గట్లనే ఉంటే హైద్రాబాద్ తీస్కపోత."

హైదరాబాద్‌లో చెవులున్న మెకానిక్ ఉంటాడు. ఒక్క నిమిషంలో, వాల్వులోనే సొద ఉంది కదా, దీన్ని చూసినవాడు చెవిటివాడా ఏమిటి అంటాడు. సాబ్‌కు అప్పుడు అన్నీ గుర్తొస్తాయి. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకోటవడం. బోధన్ నుంచి బాల్కొండ దాకా మా దగ్గరికి వచ్చే సెట్లలో సగం సాబ్ మాట మీద వచ్చేవే. ఆ మాట ఒక్కటి తిరగబడితే చాలు. ఇదంతా నా కుడికాలు చేసిన పని. ఆయనకు చెబుదామని రోజూ అనుకునేదాన్ని. రోజూ ఊరుకునేదాన్ని.

దసరా వచ్చింది. ఆ ఏడు ఆయన తల్లిని చూడడానికి మాక్లూర్ పోయాడు. పండగ నాడు పనిముట్ల ముందు దీపం పెట్టే మనిషి ఉండాలని నేను ఆగిపోయాను. ముందురోజే గదికి సున్నం వేశాను. పండగ పొద్దున ఆయన సామానంతా బల్ల మీద పరిచాను. టంకం కడ్డీ, పట్టకార్లు, మీటరు, చిన్నాపెద్దా స్క్రూడ్రైవర్లు. దుమ్ముతో పూజకు పెట్టకూడదని అత్తమ్మ ఖచ్చితంగా చెప్పేది. ఆమె మాక్లూర్‌లో ఉన్నా ఆమె భయం నాతోనే ఉంది. ఒక్కొక్కటే తడిబట్టతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. దూది పరిచిన డబ్బాలో నాలుగు వాల్వులూ కనబడ్డాయి. ఇంటికి అన్నం పెట్టేవి అసలు ఇవే కదా, వీటినెలా వదిలేస్తానని వాటినీ తీశాను. వేళ్ళ జిడ్డు, టంకం పొగ పట్టి ఉన్నాయి. బట్ట మళ్ళీ తడిపి, శ్రద్ధగా, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచాను. వరుసగా నిలబెట్టి నాలుగింటికీ చిటికెన వేలితో బొట్టు పెట్టాను. ముచ్చటగా ఉన్నాయనుకున్నాను కూడా.

కొబ్బరికాయ కొట్టి, చేయి తుడుచుకుందామని బట్ట అందుకున్నాను. దాని మీద పసుపు పచ్చని మరక, పక్కనే తెల్లటి మరక. పసుపు గిన్నె నేను బట్ట దగ్గర పెట్టలేదు. తెలుపు ఎక్కడిదో ఒక క్షణం అర్థం కాలేదు. మరుక్షణం వాల్వుల్ని ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి తిప్పి చూశాను. నాలుగు గాజులూ అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా ఒక్క అక్షరం లేదు. ఏది పాతదో ఏది కొత్తదో నాకు తెలియదు. వాటిని చేసినవాడు వచ్చినా చెప్పలేడు.

చెవులు పోయినాక ఆయనకు మిగిలింది కళ్ళు. ఆ కళ్ళకు ఆధారం ఆ అక్షరాలు. పూజ పేరుతో నేను వాటిని కూడా తుడిచేశాను. పారిపోదామంటే పుట్టింటివాళ్ళు సిరికొండ అడవుల్లో ఉన్నారు, పండగనాడు అటు బస్సు కూడా లేదు.

సాయంత్రం ఆయన జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. నా చేతిలో పెట్టాడు. నేను కాళ్ళకు మొక్కాను. చెప్పాలని నోరు తెరిచాను, అత్తమ్మ ఎలా ఉందని అడిగి మూసుకున్నాను. ఆ పూటకు భయమే గెలిచింది.

తెల్లారి ఆయన డబ్బా తెరిచాడు. నేను పొయ్యి దగ్గర నుంచి చూస్తున్నాను. ఒక వాల్వు తీశాడు, తిప్పాడు, బొట్టు చూశాడు. రెండోది తీశాడు. నాలుగూ చూశాక తల ఎత్తి నావైపు చూశాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడి, పెదవులు కనబడేలా, తుడిచింది నేనేనని చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండు అనుకున్నాను. ఆయన ఒక వాల్వును నోటి దగ్గరి దాకా తెచ్చుకుని, ఏదో ఆలోచించి, మళ్ళీ దూదిలో పెట్టేశాడు.

"బొట్టు తుడువు. సాబొస్తుండు."

అంతే అన్నాడు.

సాబ్ రాకముందే నేను ఇంకో ఘనకార్యం చేశాను. తెర పక్క గోడ సున్నం ముట్టుకుంటే ఇంకా రాలుతోంది. సాబ్ షేర్వానీకి అంటుకుంటుందని కుర్చీని తీసి బల్లకు అవతల, వీధి తలుపు దగ్గర, ఆయన పక్కనే వేశాను. ఎంత జాగ్రత్తపరురాలినో చూడండి. సాబ్ వచ్చి, ఆయనిచ్చిన జమ్మి ఆకును రెండు చేతులా తీసుకుని జేబులో పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు. సాబ్ ముఖం తిన్నగా తెరవైపు ఉంది. ఆయనకు కనబడేదంతా సాబ్‌కూ కనబడుతుంది. నా కాళ్ళు రెండూ లోపలికి లాక్కున్నాను.

ఆయన మొదటి వాల్వు పెట్టాడు. ఎడమచేయి వీపు వెనక్కి పోయింది. వాల్వు ఎర్రబడేదాకా ఆగి రికార్డు మీద ముల్లు దించాడు. సాబ్ తెచ్చిన పాట అది. పాడే ఆవిడ ఎత్తుకునే ముందు ఒక్క శ్వాస తీసుకుంటుంది. ఆ శ్వాసలో జల్లు వినిపించింది. ఆయన తల ఎత్తి తెర కిందికి చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఆయన చూసినచోటికే సాబ్ కూడా చూశాడు.

కరెంటు ఆపి, చల్లారనిచ్చి, బట్టతో పట్టుకుని ఆ వాల్వు లాగాడు. రెండోది పెట్టాడు. మళ్ళీ తెర కిందికి చూపు. నా కాళ్ళు బయటికి రావడం లేదు. పాట నడుస్తూండగా సాబ్ పక్క నుంచి, ఇదెట్లుంది అని అడిగాడు. ఆయన సెట్టు మీదికి వంగి ఉన్నాడు. పలకలేదు. సాబ్ కొంచెం ఆగాడు.

"అడుగుతున్న గద భాయ్."

ఆయన పలకలేదు. సాబ్ మెల్లగా ముందుకు వంగి ఆయన ముఖంలోకి చూడబోయాడు. ఆ వంగడం నేను తెర సందులోంచి చూశాను. ఇప్పుడు తెలిసిపోతుంది. మనిషి చూస్తూండగా, ఆయనకు తెలియకుండానే తెలిసిపోతుంది. బల్ల వెనక వంగి, పని చేసుకుంటూ, తన పరువు పోయిన సంగతి తనకే తెలియకుండా ఉండిపోతాడు. అది నేను చూడలేకపోయాను. ఒళ్ళోని చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, తెర తొలగించుకుని బయటికి వచ్చాను.

"సాబ్, ఆయనకు సన్నటి సప్పుడు ఇనబడది. జరమొచ్చిన కాన్నుంచి గంతే. నేనే ఇంట."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన తల ఎత్తాడు. నేనేమన్నానో వినకపోయినా నన్ను చూస్తే తెలిసిపోయింది. వీపు వెనక ఉన్న చేయి నెమ్మదిగా కిందికి జారింది. కరెంటున్న సెట్టు ముందు ఆ చేయి అలా వేలాడడం అదే మొదటిసారి. ఆ కంగారులో కూడా నా కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

సాబ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, మళ్ళీ తల మీద పెట్టుకున్నాడు.

"ఎన్నేండ్లాయె?"

"నాలుగేండ్లు సాబ్."

ఇంకేం అడుగుతాడోనని చూశాను. ఆ మనిషి ఆయన ముఖం చూశాడు, తెర కింది జానెడు ఖాళీ చూశాడు, నా కాళ్ళ మెట్టెలు చూశాడు.

"ఐతే నువ్వే చెప్పు బేటా. ఏది పెట్టాలె?"

నాలుగూ మొదటి నుంచి వినాలన్నాను. అలా అడిగే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దాచేది ఏమీ మిగలకపోతే వచ్చేది ధైర్యమో ఇంకేమిటో. ఆయన మళ్ళీ చేయి వెనక్కి పెట్టుకుని ఒక్కొక్కటే మార్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఈసారి అక్షరాల్లేవు. ఏది వింటే ఆయనకు ఇష్టమో తెలుసుకునే దారి లేదు. వినడం తప్ప నాకు చేయగలిగిందేమీ లేకపోయింది. మొదటిదానిలో జల్లు. రెండోదానిలోనూ జల్లే, ఇంకొంచెం దగ్గరగా. మూడోది పెట్టినప్పుడు ముల్లు దిగిందో లేదో అనుకున్నాను. అంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆవిడ శ్వాస తీసుకుంది. పక్కన నిలబడి తీసుకున్నట్టే ఉంది. నాలుగోదీ శుభ్రంగానే ఉంది గానీ ఆయన పెన్సిల్‌తో తట్టినప్పుడు గిన్నె మోగినట్టు మోగింది.

మూడోది అని చెప్పాను.

సాబ్ చాలాసేపు దాన్నే విన్నాడు. ఇది పాతదా కొత్తదా అని అడిగాడు. తెలియదన్నాను. పండగకు తుడిచానని, అక్షరాలు పోయాయని కూడా చెప్పేశాను. ఒకసారి నోరు తెరిచాక మూయడం నాకు చేతకాదు. సాబ్ వంగి, వాల్వు అడుగున మిగిలిపోయిన కుంకుమ చూశాడు.

"గీ బొట్టుంటే ఏం గాదు గద?"

ఏం కాదన్నాను. నవ్వీ నవ్వనట్టు నవ్వి, పెట్టె మూయమన్నాడు. వెళ్ళేముందు బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయనకు తిన్నగా ఎదురుగా నిలబడ్డాడు. పెదవులు కనబడేలా, ఒక్కో మాట విడివిడిగా, మంచిగుందని చెప్పి సలాం చేశాడు. ఆయనా చేశాడు.

సాబ్ జీపు మలుపు తిరిగాక ఆయన వీధి తలుపు ఒక రెక్క దగ్గరికి వేశాడు. మిగిలిన మూడు వాల్వులూ చేతిలోకి తీసుకుని వెలుతురు పడే రెక్క దగ్గర నిలబడ్డాడు. ఎన్నడూ నా మీద చేయెత్తిన మనిషి కాదు. అయినా నేను దూరంగానే ఆగాను. నాలుగేళ్ళు దాచిన సంగతిని పరాయి మనిషి ముందు పెట్టినదాన్ని. ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

ఒక వాల్వును నోటి దగ్గర పెట్టుకుని, అద్దం తుడవబోయే ముందు ఊదినట్టు, హా అని ఊపిరి వదిలాడు. గాజంతా మంచు పట్టినట్టు తెల్లబడింది. ఆ తెలుపులో, నేను తుడిచేశాననుకున్నచోట, అక్షరాలు తేలాయి. లెక్కపెట్టేంతలో మాయమైపోయాయి. విలాయతువి. పాత వాల్వు. రెండోదాని మీద ఊదాడు. అదీ పాతదే. మూడోదాని మీద ఊదితే మన దేశపు అక్షరాలు వచ్చాయి. పాతవి రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. సాబ్ పెట్టెలో బోధన్ పోతున్నది కొత్తది.

నేను ఆయన ఎదురుగా జరిగి నిలబడ్డాను.

"గిది నీకు ఎర్కనే గద. పొద్దుగాలనే ఎందుకు సూడలే?"

ఆయన మూడింటినీ దూదిలో పెట్టి డబ్బా మూశాడు.

"సూస్తే నా మొఖంల కనబడుతుండె. నువ్వు వాల్వు ఇనకపోదువు, నా మొఖమే ఇంటుంటివి."

అంటే ఆయనకు ఎప్పటి నుంచి తెలుసు? అడగకుండానే ఆయన నా పాదాల వైపు చూపించాడు. పాతది పెట్టినప్పుడల్లా కుడికాలు జల్ది వస్తుండె, అన్నాడు. నిజంగా విన్న మనిషి కాలు అంత తొందరగా రాదని ఆయనకు మొదటిసారే అనుమానం వచ్చిందట. తెలిసి కూడా ఊరుకున్నాడు. నా అబద్ధం ఆయనకు కావలసి వచ్చింది, నాకు ఆయన సంతోషం కావలసి వచ్చింది. ఇద్దరం కలిసి సాబ్ పాటలో వాన కురిపించాం. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు గానీ తెర ముడి విప్పబోయి, చాలాసేపు ఆ ముడి దగ్గరే ఉండిపోయాడు.

తర్వాత నెలరోజులు నేను వీధి తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేదాన్ని. సాబ్ ఎవరితో ఏమన్నాడో, ఎవరు వచ్చి ఏమంటారో. చివరికి బోధన్ నుంచి ఒక ముసలామె రేడియోను దుప్పట్లో చుట్టుకుని వచ్చింది. గడపలో నిలబడి, ఇనే అమ్మ ఉన్నదా, సాబ్ పంపిండు అంది. నాకు కాసేపు అర్థం కాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ అదే అడిగారు. ఆయన విప్పేవాడు, నేను వినేదాన్ని. మధ్యలో తెర లేదు. నా ఎడమకాలికి ఇక పని లేకపోయింది, బాగాలేకపోతే బాగాలేదని నోటితోనే చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ భయమేసేది. అయినా చెప్పేదాన్ని.

మరుసటి దసరాకు నన్ను పనిముట్ల దగ్గరికి రానివ్వలేదు. వాల్వుల డబ్బాను పైన అటక మీద పెట్టి, ఆయనే అన్నీ తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టాడు. అత్తమ్మ ఆ పండక్కి మాక్లూర్ నుంచి వచ్చి గడప దగ్గర పీట మీద కూర్చుని చూస్తోంది. కడ్డీ అయింది, పట్టకార్లు అయ్యాయి, మీటరు అయింది. కుంకుమ గిన్నె పట్టుకుని ఆయన నా దగ్గరికి వచ్చాడు. నుదుటికి పెడతాడనుకుని తల వంచాను. ఆయన నా కొంగు చెవి వెనక్కి తోసి, చెవి తమ్మెకు ఒక బొట్టు పెట్టాడు. రెండో చెవికి కూడా పెట్టాడు. అత్తమ్మ చూస్తోందని నాకు ముందు భయమే వేసింది. తల ఎత్తకుండా అలాగే నిలబడ్డాను.